పాఠకుల సాంకేతిక సందేహాలు: ఆట మధ్యలో మూసుకుపోయే ల్యాప్‌టాప్

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగులో చేరినప్పుడు కొన్న ల్యాప్‌టాప్‌ను ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్న మా అబ్బాయి వాడుతున్నాడు. అందులో 8వ తరం ఇంటెల్ కోర్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ పేరు యూహెచ్‌డీ 620 అని చూపిస్తుంది. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ ఆడుతుండగా ఉన్నట్టుండి ఆట మూసుకుపోయి, ఎగ్జిట్ కోడ్ మైనస్ 1073741819 అని వస్తోంది. సినిమాలు, ఆన్‌లైన్ పాఠాలు మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తున్నాయి. దుకాణంలో చూపిస్తే గ్రాఫిక్స్ చిప్ పోయిందని, మదర్‌బోర్డు మార్చాలని చెప్పారు. ఆట సరిగా నడవాలని మా వాడు దానికి 6 జీబీ ర్యామ్ కేటాయించాడట. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: బోర్డు మార్చడానికి ఇప్పుడే ఒప్పుకోకండి. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే చిప్ పాడై ఉండే అవకాశం చాలా తక్కువ. అది నిజంగా దెబ్బతిని ఉంటే ఆటలోనే కాదు, డెస్క్‌టాప్ మీద, చివరికి విండోస్ మొదలుకాక ముందు వచ్చే బయోస్ తెర మీద కూడా గీతలో రంగు మచ్చలో కనిపించాలి. వీడియోలు బాగా ఆడుతూ ఈ ఒక్క ఆటే పడిపోవడానికి వేరే కారణం ఉంది. విండోస్‌లో బ్రౌజర్లు, చాలా ఆటలు డైరెక్ట్3డీ అనే దారిలో గ్రాఫిక్స్ చిప్‌తో పని చేయించుకుంటాయి. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ మాత్రం ఓపెన్‌జీఎల్ అనే మరో దారిలో వెళ్తుంది. గ్రాఫిక్స్ చిప్‌ను నడిపించే ప్రోగ్రామైన డ్రైవర్‌లో ఈ రెండింటికీ వేర్వేరు ఫైళ్లు ఉంటాయి కాబట్టి, ఒకటి చక్కగా పనిచేస్తుండగానే రెండోది చెడిపోవచ్చు. అదే ఆట బెడ్‌రాక్ ఎడిషన్ డైరెక్ట్3డీ మీద నడుస్తుంది. మీ అబ్బాయి దగ్గర అది కూడా ఉంటే ఒక సాయంత్రం ఆడి చూడమనండి. అది నిలకడగా నడిస్తే చిప్ మీద అనుమానం దాదాపు తీరిపోతుంది.

ఇక ఆ కోడ్ సంగతి. మైనస్ 1073741819 అంటే, తనది కాని మెమరీ చిరునామాను తాకబోయిన ప్రోగ్రామును విండోస్ ఆపివేసిందని అర్థం. తప్పు ఎవరిదో ఆ అంకె చెప్పదు. అయితే జావా ఇలా అర్ధాంతరంగా ఆగిపోయేటప్పుడు ఒక ఫైలు రాసి పోతుంది. మన పరిశీలన అంతా దాన్నుంచే మొదలు కావాలి. డ్రైవర్లు మార్చడం, విండోస్ మళ్లీ ఎక్కించడం వంటివన్నీ ఆ తరవాతి మాటలు. ఆ ఫైలు చదవకుండా చేసే ప్రతి మరమ్మతూ ఊహే అవుతుంది, మీ దుకాణదారు చెప్పినదీ అలాంటి ఊహే.

విండోస్ కీ, ఆర్ కీ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో రెండు పర్సెంట్ గుర్తుల మధ్య యాప్‌డేటా (%appdata%) అని టైపు చేసి ఎంటర్ కొడితే ఒక ఫోల్డరు తెరుచుకుంటుంది. అందులోని మైన్‌క్రాఫ్ట్ ఫోల్డరులో హెచ్‌ఎస్, ఎర్, పిడ్ (hs_err_pid) అనే అక్షరాలతో మొదలై అంకెలతో ముగిసే లాగ్ ఫైలు కోసం వెతకండి. పక్కనే ఉండే క్రాష్ రిపోర్ట్స్ ఫోల్డరు వేరు. అందులోకి చేరేవి ఆట స్వయంగా గుర్తించిన లోపాలు. లాగ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదట హ్యాష్ గుర్తుతో మొదలయ్యే కొన్ని వరుసలు ఉంటాయి. వాటిలో ప్రాబ్లమాటిక్ ఫ్రేమ్ అన్న మాట కింద, చదరపు కుండలీకరణాల్లో ఒక ఫైలు పేరు కనిపిస్తుంది. ఆట ఆగిన క్షణంలో నడుస్తున్నది ఆ ఫైలే.

అక్కడ ఐజీ9ఐసీడీ64 డాట్ డీఎల్ఎల్ అని ఉంటే, అది మీ యూహెచ్‌డీ 620 తాలూకు ఓపెన్‌జీఎల్ డ్రైవర్. ఈ చిప్పుల మీద ఈ ఆట పడిపోయినప్పుడు ఎక్కువగా కనిపించే పేరు ఇదే. అలాకాకుండా జావా నడవడానికి మెమరీ చాలలేదన్న వాక్యం ఫైలు మొదట్లోనే ఉంటే కారణం ర్యామ్. ఈ రెండూ కాక ఎన్‌టీడీఎల్ఎల్ వంటి విండోస్ ఫైలు పేరు కనిపిస్తే, ఆట తెర మీద ఏదో ఒకటి చూపించే ఓవర్‌లే ప్రోగ్రాములను, ఆటకు జోడించిన మాడ్‌లను (ఇతరులు రాసిన అదనపు హంగులు), షేడర్లను (వెలుగునీడల హంగులు) ముందుగా తీసివేసి చూడాలి. అదే ఫైలు చివరికి వెళ్తే మెమరీ అనే వరుసలో మొత్తం ర్యామ్ ఎంత, ఆ క్షణానికి ఖాళీగా ఎంత మిగిలింది అన్నది కూడా రాసి ఉంటుంది. మీ విషయంలో ఆ రెండో అంకె చాలా ముఖ్యం.

ఎందుకంటే విడి గ్రాఫిక్స్ కార్డుకు సొంత మెమరీ ఉంటుంది. ప్రాసెసర్‌లోనే కలిసి ఉన్న గ్రాఫిక్స్‌కు, అంటే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కు, అలాంటిది ఉండదు. ఒకే బోరు నీటితో రెండు పొలాలు తడపవలసి వచ్చినట్లు, విండోస్, ఆట, గ్రాఫిక్స్ అన్నీ ఆ 8 జీబీతోనే సర్దుకోవాలి. టాస్క్ మేనేజరులో షేర్డ్ మెమరీ దాదాపు 4 జీబీ అని కనిపిస్తుంది కానీ అది గ్రాఫిక్స్ కోసం పక్కన పెట్టిన మొత్తం కాదు, అవసరమైతే అంతవరకు తీసుకోవచ్చనే హద్దు మాత్రమే. మీ అబ్బాయి జావాకు 6 జీబీ ఇచ్చాడంటే, విండోస్‌కూ గ్రాఫిక్స్‌కూ కలిపి 2 జీబీ మిగిల్చాడన్న మాట. ఆట బాగుండాలనే ఇచ్చాడు, కానీ సరిగ్గా ఆ ఔదార్యమే ఆటను కూలదోయవచ్చు. ఆటను మొదలుపెట్టే లాంచర్‌లో ఆ కేటాయింపును 2 జీబీకో, మాడ్‌లు వాడుతుంటే 3 జీబీకో తగ్గించమనండి. సీ డ్రైవ్ నిండిపోయి ఉంటే ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కు మీద వాడుకునే పేజ్ ఫైలు పెరగడానికి చోటు ఉండదు కాబట్టి, అక్కడ కూడా కనీసం 15, 20 జీబీ ఖాళీ చేయండి.

లాగ్ ఫైలులో డ్రైవర్ పేరే కనిపిస్తే అప్పుడు డ్రైవర్ మార్చండి. విండోస్ కీ, ఆర్ కీ నొక్కి డీఎక్స్‌డయాగ్ (dxdiag) అని టైపు చేస్తే, డిస్‌ప్లే పేజీలో ఇప్పుడున్న డ్రైవర్ సంఖ్య, తేదీ కనిపిస్తాయి. వాటిని కాగితం మీద రాసి ఉంచుకోండి. 6వ తరం నుంచి 10వ తరం వరకు ఉన్న గ్రాఫిక్స్‌ను ఇంటెల్ 2022 జులైలో పాత ఉత్పత్తుల విభాగానికి మార్చింది. అందువల్ల మీ చిప్‌కు విడిగా ఒక డ్రైవర్ ప్యాకేజీ ఉంటుంది. కొత్త తరాలకు ఇచ్చేది దీనికి పనికిరాదు. ఇంటెల్ సైటు నుంచి మీ తరానికి చెందిన ప్యాకేజీని, ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్టు పేజీ నుంచి వాళ్లు ఇచ్చిన డ్రైవర్‌ను, రెండింటినీ ముందుగా దింపుకోండి. తరవాత వైఫై ఆపివేసి, ఇంటెల్ ప్యాకేజీలో క్లీన్ ఇన్‌స్టాలేషన్ అన్న గడిని ఎంచుకుని ఎక్కించండి. వైఫై ఆపమనడానికి కారణం ఉంది: పని మధ్యలోనే విండోస్ అప్‌డేట్ తన దగ్గరున్న పాత డ్రైవర్‌ను తిరిగి తెచ్చి పెట్టడం అరుదేమీ కాదు. ఒక డ్రైవర్‌తో రెండు మూడు రోజులు ఆడి చూసి, ఫలితం లేకపోతేనే రెండోది ప్రయత్నించండి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే, ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఆటలో తగ్గించవలసినవీ కొన్ని ఉన్నాయి. లోకాన్ని ఎంత దూరం వరకు చూపించాలో చెప్పే రెండర్ డిస్టెన్స్ అనే అమరికకు చాలామంది తగిన విలువ ఇవ్వరు. అది 16 ఉన్నప్పుడు ఆటగాడి చుట్టూ పొడవున 33, వెడల్పున 33 చొప్పున, 1,089 గడుల లోకాన్ని ల్యాప్‌టాప్ మోయాలి. 8కి తగ్గిస్తే ఆ గడులు 289 అవుతాయి. అమరికను సగం చేస్తే భారం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా 2021 నవంబరులో వచ్చిన 1.18 వెర్షన్‌తో ఆ లోకం ఎత్తు 256 బ్లాకుల నుంచి 384 బ్లాకులకు పెరిగింది. ఒకప్పుడు ఇదే ల్యాప్‌టాప్‌లో హాయిగా నడిచిన ఆట ఇప్పుడు బరువెక్కిందని మీ అబ్బాయి అంటే, అది అతని భ్రమ కాదు. గ్రాఫిక్స్ అమరికను ఫాస్ట్‌లో ఉంచి, షేడర్లను పూర్తిగా మానుకోవడం యూహెచ్‌డీ 620కి మేలు.

ఇంతా చేశాక కూడా ఆట పడిపోతుంటే ఒక రాత్రి ర్యామ్‌ను మెమ్‌టెస్ట్86తో పరీక్షకు పెట్టండి. అందులో ఒక్క తప్పు వచ్చినా సాధారణంగా మార్చవలసింది ర్యామ్ ముక్కే, బోర్డు కాదు.

ప్రశ్న: 11వ తరం ఐ5, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ కొన్నాను. ఐరిస్ ఎక్స్ఈ గ్రాఫిక్స్ అని ప్రకటనలో చదివాను, కానీ డివైస్ మేనేజరులో యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని ఉంది. ఆటలు ఆడుతుంటే తెర ఒక్క క్షణం నల్లబడి, గ్రాఫిక్స్ డివైస్ రిమూవ్డ్ అన్న సందేశంతో ఆట మూసుకుపోతుంది. నన్ను మోసం చేశారా? విండోస్ అమరికలు ఉండే రిజిస్ట్రీలో టీడీఆర్ డిలే పెంచితే సరిపోతుందని ఒక వీడియోలో చెప్పారు. పెంచమంటారా?
— ఇంజినీరింగ్ విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: చిప్ విషయంలో మోసం జరగలేదు. ఐరిస్ ఎక్స్ఈ అనే పేరు రావాలంటే ఆ చిప్ ఉంటే చాలదు, ర్యామ్ రెండు ఛానళ్లలో, అంటే ఒకేసారి పనిచేసే రెండు దారుల్లో, ఉండాలన్నది ఇంటెల్ పెట్టిన నియమం. ఒకే ముక్క ఉన్న ల్యాప్‌టాప్‌లో అదే చిప్ యూహెచ్‌డీ అని కనిపిస్తుంది. తేడా పేరుతో ఆగదు. డీడీఆర్4 3200 ర్యామ్ ఒక ముక్క సెకనుకు 25.6 జీబీ అందించగలిగితే రెండు ముక్కలు 51.2 జీబీ అందిస్తాయి. సొంత మెమరీ లేని గ్రాఫిక్స్‌కు ఇది చాలా పెద్ద తేడా. టాస్క్ మేనేజరులో పెర్ఫార్మెన్స్, ఆ తరవాత మెమరీ చూస్తే స్లాట్స్ యూజ్డ్ అన్నచోట ఎన్ని స్లాట్లలో ఎన్ని వాడుతున్నారో ఉంటుంది. ఖాళీ స్లాట్ ఉంటే, ఇప్పుడున్న ముక్కకు సరితూగే మరో 8 జీబీ వేయించండి. మీ ల్యాప్‌టాప్ మీద పెట్టే డబ్బులో దీనికి మించిన ఫలితం ఇచ్చేది మరొకటి లేదు.

ఇక తెర నల్లబడే సంగతి. ఇచ్చిన పనికి గ్రాఫిక్స్ చిప్ 2 సెకన్లలో స్పందించకపోతే, అది బిగుసుకుపోయిందని భావించి విండోస్ డ్రైవర్‌ను మళ్లీ మొదలుపెడుతుంది. విస్టా కాలం నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. తెర వెనక్కి వస్తుంది కానీ, చేతిలోని గ్రాఫిక్స్ పోగొట్టుకున్న ఆట మాత్రం మూసుకుపోతుంది. విండోస్ తన సంఘటనలను నమోదు చేసే ఈవెంట్ వ్యూయరులో సిస్టమ్ విభాగం తెరిచి, ఆట పడిపోయిన సమయానికి 4101 సంఖ్యతో డిస్‌ప్లే పేరిట హెచ్చరిక ఉందేమో చూడండి. ఉంటే జరిగింది ఇదే.

టీడీఆర్ డిలే పెంచడం అంటే ఆ 2 సెకన్ల గడువును పొడిగించడం. చిప్ నిజంగా బిగుసుకుపోయినప్పుడు గడువు పెంచితే, తెర 2 సెకన్లకు బదులు 10 సెకన్లు కదలకుండా ఉండి, ఆ తరవాత ఆట ఎలాగూ మూసుకుపోతుంది. అందువల్ల ఆ మార్పు వద్దు. రిజిస్ట్రీలో డెడికేటెడ్ మెమరీ (గ్రాఫిక్స్‌కే ప్రత్యేకించిన మెమరీ) అంకెను పెంచమని చెప్పే వీడియోలనూ నమ్మకండి; అక్కడ మారేది ఆటకు కనిపించే అంకె మాత్రమే, మెమరీ ఒక్క ఎంబీ కూడా పెరగదు. మీరు చేయవలసినవి వేరు. 11వ తరానికి చెందిన తాజా డ్రైవర్‌ను, పై జవాబులో చెప్పిన పద్ధతిలోనే ఎక్కించండి. ఆటలో రిజల్యూషన్‌ను 1280×720కి దించి, ఫ్రేమ్ రేటును (సెకనుకు చూపే చిత్రాల సంఖ్యను) 30కో 40కో కట్టడి చేయండి. ప్రాసెసర్ వోల్టేజీ తగ్గించే ప్రోగ్రాములు వాడుతుంటే ఆ మార్పులు తీసివేయండి. ఆటలోనే డైరెక్ట్‌ఎక్స్ (పైన చెప్పిన డైరెక్ట్3డీ ఇందులో భాగమే) 11, 12లలో ఒకటి ఎంచుకునే వీలు ఉంటే 11కు మార్చి చూడండి. ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ మీద అది నిలకడగా ఉండడం తరచుగా చూస్తాం.

ప్రశ్న: వేసవిలో ఆట మొదలుపెట్టిన అరగంటకు ల్యాప్‌టాప్ మొత్తం ఆగిపోతోంది. ఇది కూడా డ్రైవర్ లోపమేనా?
— ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఆట ఒక్కటే మూసుకుపోవడం వేరు, యంత్రమే ఆగిపోవడం వేరు. మీది రెండోది కాబట్టి ముందుగా వేడిని అనుమానించాలి. ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ ఒకే చిప్‌లో ఉండి ఒకే ఫ్యాన్‌ను నమ్ముకుంటాయి. వేడి హద్దుకు చేరితే చిప్ మొదట వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ తగ్గకపోతే తనను కాపాడుకోవడానికి కరెంటు ఆపేస్తుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము తెరిచి ఉంచి, ఆడుతున్నప్పుడు ఉష్ణోగ్రత 95, 100 డిగ్రీల దగ్గర తిరుగుతోందేమో గమనించండి. అలా ఉంటే ఫ్యాన్ దుమ్ము తీయించి, చిప్ వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్టు మార్పించండి. పరుపు మీద పెట్టి ఆడే అలవాటు ఉంటే ఈరోజే మానిపించండి. వేడి మామూలుగానే ఉండి కూడా ఆగిపోతుంటే ఛార్జరును, బ్యాటరీని చూపించాలి.

ప్రశ్న: 4వ తరం ఐ3 ల్యాప్‌టాప్‌లో డ్రైవర్ అప్‌డేట్ చేశాక డైరెక్ట్‌ఎక్స్ 12 ఆటలు అసలు తెరుచుకోవడం లేదు. ఏం పాడైంది?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఏమీ పాడు కాలేదు. 4వ తరం గ్రాఫిక్స్‌లో భద్రతా లోపం బయటపడడంతో, ఇంటెల్ ఆ తరానికి ఇచ్చిన చివరి డ్రైవర్లలో డైరెక్ట్‌ఎక్స్ 12ను పూర్తిగా తొలగించింది. పాత డ్రైవర్‌కు వెనక్కి వెళ్తే ఆటలు తెరుచుకోవచ్చు, కానీ ఆ లోపమూ వెంట వస్తుంది. బ్యాంకు పనులు కూడా అదే ల్యాప్‌టాప్‌లో చేసుకునేవారికి నేను ఆ సలహా ఇవ్వలేను. డైరెక్ట్‌ఎక్స్ 11తో నడిచే ఆటలు ఇప్పుడున్న డ్రైవర్‌తోనే తెరుచుకుంటాయి.