వాల్వుల కంపెనీలో మార్కెటింగ్ ఉద్యోగం: చేరనా, వద్దా?

"అప్పా, ఒహాయోలో ఎంబీఏ అయిపోయింది. వాల్వులు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి మార్కెటింగ్ కోఆర్డినేటర్‌గా రమ్మంటోంది. ఫ్యాక్టరీ సిటీకి దూరం, అక్కడ మనవాళ్లెవరూ లేరు. చీపురుపల్లిలో అమ్మకి ఒకటే బాధ, 'మెకానికల్ చదివి, అంత దూరం వెళ్లి, కుళాయిల కంపెనీలోనా' అని. ఐటీ కన్సల్టెన్సీ వాళ్లు కూడా రోజూ ఫోన్ చేస్తున్నారు. ఏం చెయ్యమంటావు?"

చేరు చెల్లీ. వీసా సంగతి ఒకటి చూసుకోవాలి, అది కింద చెప్తాను. కన్సల్టెన్సీ వాళ్లు లేని ఎక్స్‌పీరియన్స్ రెజ్యూమేలో పెడతామంటే మాత్రం ఆ ఫోన్ ఎత్తడం కూడా మానెయ్.

రాజాం, బొబ్బిలి, టెక్కలి వైపు నుంచి వచ్చిన అమ్మాయిలు ఈమధ్య ఇలాంటి ప్రశ్నలే అడుగుతున్నారు, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను. నాది గరివిడి. ఫెర్రో అల్లాయ్స్ ఫర్నేస్ పొగ చూస్తూ పెరిగాను. ఇక్కడ మిడ్‌వెస్ట్‌లో నా ఉద్యోగ జీవితమంతా ఫ్యాక్టరీలకి యంత్రభాగాలు అమ్మే కంపెనీల్లోనే, మార్కెటింగ్‌లోనే గడిచింది.

మార్కెటింగ్ అనగానే మనవాళ్లకి హోర్డింగులు, రీల్స్ గుర్తొస్తాయి. ఇక్కడ పని వేరు. ఒక కెమికల్ ప్లాంట్‌లో వాల్వు కొనాలంటే ఒక్కరు నిర్ణయించరు. ఏ రకం కావాలో డిజైన్ ఇంజినీరు స్పెక్‌లో, అంటే ఏ భాగం ఎలా ఉండాలో చెప్పే పత్రంలో, రాస్తాడు. పర్చేజ్ వాళ్లు రెండు మూడు కొటేషన్లు తెప్పిస్తారు. సేఫ్టీ వాళ్లు సర్టిఫికెట్లు అడుగుతారు. అర్ధరాత్రి లైను ఆగిపోతే పరిగెత్తాల్సింది మెయింటెనెన్స్ ఫిట్టరు. నలుగురివీ నాలుగు భయాలు, నలుగురికీ జవాబు చెప్పాలి. అందుకే ఒక్క ఆర్డరు తేలడానికి నెలలు పడుతుంది. కానీ ఒకసారి స్పెక్‌లోకి ఎక్కిందంటే ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ కదపరు.

మన పలాసే తీసుకో. జీడిపిక్కలు కొట్టే యంత్రం అమ్మాలనుకో. "అత్యాధునికం, అత్యంత నాణ్యం" అని రంగుల బ్రోచర్ ఇస్తే బట్టీ యజమాని చూడను కూడా చూడడు. ఆయన అడిగేది ఒకటే: గుండు (విరగని పప్పు) ఎంత వస్తుంది, బద్ద ఎంత పోతుంది? ఎగుమతి గ్రేడుల్లో డబ్ల్యూ-320 అంటే పౌండుకి 300 నుంచి 320 గుండు పప్పులు తూగాలి. డబ్ల్యూ-240 అంటే ఇంకా పెద్ద పప్పు, ఇంకా మంచి ధర. అదే పప్పు యంత్రంలో విరిగితే రుచి మారదు, రేటు మాత్రం పడిపోతుంది. ఆ తర్వాతి ప్రశ్నలు: బ్లేడు అరిగితే ఎక్కడ దొరుకుతుంది, ఎన్నాళ్లకి వస్తుంది, కరెంటు ఎంత లాగుతుంది? ఈ జవాబులు ఆఫీసులో కూర్చుంటే దొరకవు. గ్రేడింగ్ దగ్గర కూర్చునే ఆడవాళ్లని అడిగితే మాత్రం యంత్రం పప్పుని ఎక్కడ పగలగొడుతోందో ఇట్టే చెప్తారు. వాళ్ల దగ్గరికి వెళ్లి, అడిగి, తెలుసుకున్నది కొనేవాడికి అర్థమయ్యే అంకెల్లో పెట్టడమే నీ ఉద్యోగం. మా గరివిడి సరుకైనా అంతే. ఫెర్రో మాంగనీస్ కొనే స్టీల్ ప్లాంట్ అడిగేది మాంగనీస్ శాతం ఎంత, ఫాస్ఫరస్ ఎంత అనే.

కాబట్టి చేరిన కొత్తలో నీకు ఈమెయిళ్లు, లింక్డ్‌ఇన్ పోస్టులు, ఎగ్జిబిషన్ స్టాల్ ఏర్పాట్లు ఇస్తారు. అవి శ్రద్ధగా చెయ్యి. దాంతోపాటు వారంలో ఒక పూట ఫ్లోర్ మీద, అంటే సరుకు తయారయ్యే చోట, ఉండేలా మేనేజర్‌ని ఒప్పించు. కస్టమర్ సర్వీస్ వాళ్ల పక్కన కూర్చుని ఫోన్లు విను. డిస్ట్రిబ్యూటర్ సేల్స్‌మన్ కస్టమర్ల దగ్గరికి వెళ్తుంటే అతనితో వెళ్లు. అన్నిటికంటే ముఖ్యం, వారంటీ కింద తిరిగొచ్చిన సరుకు విప్పే బల్ల దగ్గర నిలబడు.

ఆ బల్ల గురించి కొంచెం చెప్పాలి. ఒకసారి "మూసుకోవడం లేదు, లీకవుతోంది" అని చీటీ కట్టి తిరిగొచ్చిన సోలనాయిడ్ వాల్వుని (కరెంటుతో తెరుచుకుని మూసుకునేది) మా టెక్నీషియన్ నా ముందే విప్పాడు. కాయిల్ బాగుంది, స్ప్రింగ్ బాగుంది. సీటు మీద, అంటే వాల్వు మూసుకునేటప్పుడు మూత ఆనే చోట, మాత్రం సన్నటి తెల్లటి పోగు ఒకటి అడ్డం పడి ఉంది. మన ఇళ్లలో కుళాయి బిగించేటప్పుడు మరలకి చుట్టే టెఫ్లాన్ టేపే అది. పైపు చివరిదాకా టేపు చుడితే బిగించేటప్పుడు దాని పోగులు తెగి లోపలికి పోతాయి, వాల్వు సీటు మీద చిక్కుకుంటాయి. మొదటి రెండు మరలు వదిలేసి చుడితే ఆ బాధ ఉండదు. అతను అదే డబ్బాలోంచి ఇంకో రెండు తీసి విప్పాడు. వాటిలోనూ అదే పోగు. ఆ పూట నేను ఫొటో తీసి, ఒక్క పేజీ రాశాను: టేపు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు తిప్పాలి అని. వాల్వుని పొగుడుతూ అందులో ఒక్క మాట లేదు. డిస్ట్రిబ్యూటర్లు దాన్ని ప్రింట్ తీసి కౌంటర్ల దగ్గర అంటించుకున్నారు. ఇంజినీర్లు మీటింగులకి నన్ను పిలవడం ఆ తర్వాతే మొదలైంది. నువ్వు మెకానికల్ చదివినదానివి, డ్రాయింగ్ చదవగలవు. ఇది నీకు అందరికంటే తొందరగా వస్తుంది.

ఇక ఆడపిల్లగా ఎదురయ్యేవి. అమెరికా తయారీ రంగంలో ఆడవాళ్లు పదిమందిలో ముగ్గురే, ఫ్లోర్ మీద ఇంకా తక్కువ కనిపిస్తారు. షికాగోలో రెండేళ్లకోసారి, సరి సంవత్సరాల సెప్టెంబరులో, ఐఎమ్‌టీఎస్ అనే పెద్ద యంత్రాల ప్రదర్శన జరుగుతుంది. అలాంటిచోట స్టాల్‌లో నిలబడితే వచ్చినాయన నీ తల మీదుగా చూసి, "ఇంజినీర్లు ఎవరైనా ఉన్నారా?" అంటాడు. చిన్నబుచ్చుకోకు, పక్కకి తప్పుకోకు. "మీ లైన్లో ప్రెషర్ ఎంత, లోపల పారేది ఏమిటి, టెంపరేచర్ ఎంత?" అని అడుగు. ఈ మూడూ అడిగేసరికి చాలామంది బ్యాగు కింద పెట్టి నీతోనే మాట్లాడతారు. మాట్లాడింది అక్కడికక్కడే రాసుకో. బ్యాడ్జి స్కాన్‌లో పేరు వస్తుంది గాని అతని ఇబ్బంది రాదు.

మీటింగులో నోట్సు రాయడం, లంచ్ ఆర్డరివ్వడం, బర్త్‌డే కేకు తేవడం మెల్లగా నీ మీదకి తోస్తారు. మొదట్లోనే "వంతులు వేసుకుందాం" అని మర్యాదగా చెప్పెయ్. మనం పెద్దల ముందు మాట్లాడకూడదని పెరిగిన పిల్లలం. ఇక్కడ మౌనంగా ఉంటే తెలియదని అనుకుంటారు. నీ సైజు కాని సేఫ్టీ కళ్లద్దాలు, గ్లవ్స్ ఇస్తే సర్దుకుపోవద్దు. సరిగ్గా సరిపోయేవి ఎంచి ఇవ్వాలని ఓషా (పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నిబంధనే ఉంది. కస్టమర్ డిన్నర్లకి వెళ్లు, నీ కారులో వెళ్లు. ఎవరైనా హద్దు దాటితే తేదీతో సహా రాసిపెట్టుకో, హెచ్ఆర్‌కి ఈమెయిల్‌లో చెప్పు. 15 మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే కంపెనీ అయితే ఈఈఓసీకి (ఉద్యోగాల్లో వివక్ష, వేధింపుల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ) ఫిర్యాదు చెయ్యొచ్చు, దానికి గడువు 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300. వీసా మీద ఉన్నవాళ్లకీ ఈ హక్కు ఉంది. ఇది మన అమ్మాయిల్లో చాలామందికి తెలియదు, అందుకే భరిస్తూ కూర్చుంటారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. విమెన్ ఇన్ మాన్యుఫాక్చరింగ్ అనే సంఘం ఉంది, అందులో చేరు. నీకు ముందు ఈ దారిలో నడిచిన ఆడవాళ్లు అక్కడ దొరుకుతారు.

వీసా సంగతి. కాలేజీ ఇచ్చిన నీ ఐ-20 పత్రం తీసి అందులో సీఐపీ కోడ్ (నీ కోర్సు ఏ రకమో చెప్పే నంబరు) చూడు. మామూలు ఎంబీఏ, మార్కెటింగ్ కోడ్‌లైతే స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కిందికి రావు, ఓపీటీ, అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి, 12 నెలలే. మేనేజ్‌మెంట్ సైన్స్ 52.1301 లాంటి కోడ్ ఉంటే ఇంకో 24 నెలలు వస్తాయి. దానికి కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతని ఆన్‌లైన్‌లో సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, ఐ-983 ఫారంలో ట్రైనింగ్ ప్లాన్ రాసివ్వాలి. ఇండియాలో చేసిన బీటెక్‌ని చూపించి స్టెమ్ అడగడం కుదరదు. ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు దాటకూడదు. చిన్న కంపెనీలకి ఇవేవీ తెలియవు, ఓపిగ్గా నువ్వే వివరించాలి. ఆ తర్వాత కావాల్సిన ఉద్యోగ వీసా హెచ్-1బీకి మార్కెటింగ్ ఉద్యోగాల మీద ప్రశ్నలు ఎక్కువ వేస్తారు, "దీనికి ఫలానా డిగ్రీయే ఎందుకు కావాలి?" అని. నీ పనిలో సాంకేతికం నిజంగా ఉంటే ఉద్యోగ వివరణలో అది కనిపించాలి. ఫ్లోర్ మీద గడిపిన సమయం అక్కడ కూడా అక్కరకొస్తుంది. 2025 సెప్టెంబరులో హెచ్-1బీ మీద వచ్చిన లక్ష డాలర్ల ఫీజు ఇక్కడే ఉండి ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) నుంచి మారేవాళ్లకి వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. అయినా రూల్స్ మారుతూ ఉంటాయి, లాయరుతో మాట్లాడాకే అడుగు వెయ్యి. ఇంకొకటి, రక్షణ రంగానికి సరుకు చేసే కంపెనీల్లో ఐటార్ (ఆయుధాల ఎగుమతుల మీద అమెరికా పెట్టిన) నిబంధనల వల్ల చాలా ఉద్యోగాలకి సిటిజన్లనో, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనో, శరణార్థులుగా ఆశ్రయం పొందినవాళ్లనో తీసుకుంటారు, స్టూడెంట్ వీసా, హెచ్-1బీ మీద ఉన్నవాళ్లని తీసుకోరు. "యూఎస్ పర్సన్" అని రాసి ఉంటే అప్లై చేసి టైమ్ పోగొట్టుకోకు.

అమ్మకి ఫోన్‌లో వాదించి లాభం లేదు. వీడియో కాల్‌లో ఫ్యాక్టరీ గేటు, నీ డెస్కు చూపించు, అనుమతి ఉంటే ఫ్లోర్ కూడా. నెల్లిమర్ల జూట్ మిల్లు షిఫ్టు సైరన్ విన్న ఇళ్లు మనవి, ఫ్యాక్టరీ అంటే ఏమిటో మన అమ్మలకి బాగా తెలుసు. వాళ్ల భయం కుళాయిల గురించి కాదు, ఒంటరిగా ఉంటావని. అద్దె తక్కువని, కారు కొనుక్కుంటావని, శనాదివారాలు కొలంబస్‌లోనో క్లీవ్‌లాండ్‌లోనో మనవాళ్ల మధ్య గడపొచ్చని చెప్పు. జీతం ఐటీ స్నేహితుల కంటే మొదట్లో తక్కువే ఉంటుంది, అదీ దాచకు.

సంతకం పెట్టే ముందు హెచ్ఆర్‌ని మూడు అడుగు: ఈ-వెరిఫైలో ఉన్నారా, మార్చిలో హెచ్-1బీ రిజిస్ట్రేషన్ వేస్తారా, చేరేలోపు ప్లాంటు ఒకసారి చూపిస్తారా. మొదటి రెండింటికీ జవాబు ఈమెయిల్‌లో తీసుకో. మూడోదానికి కుదరదంటే నాకు ఫోన్ చెయ్, అప్పుడు మళ్లీ ఆలోచిద్దాం.