ఈ-రీడర్ కొనండి, కానీ కార్డు ఈఎంఐలో వద్దు

ప్రశ్న: పేజీ తిప్పడానికి బటన్లున్న చవక ఈ-రీడర్ (ఈ-పుస్తకాలు చదివే పరికరం) కొనాలనుకుంటున్నాను. అంగుళానికి 212 పిక్సెళ్ల 6 అంగుళాల తెర, టచ్ లేదు. క్రెడిట్ కార్డు మీద 9 నెలల నో-కాస్ట్ ఈఎంఐ ఇస్తున్నారు. కార్డులో పాత బాకీ ఉంది, నెలనెలా కనీస మొత్తం కడుతున్నాను. పొదుపు లేదు. పుస్తకాల ఖర్చు తగ్గుతుంది కదా, తీసుకోవచ్చా?

జవాబు: ఇప్పుడు వద్దు. వస్తువు ధర తక్కువే కాబట్టి అప్పు కూడా చిన్నదే అనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు. మీ అసలు సమస్య ఈ-రీడర్ కాదు, పొదుపు లేకపోవడం.

పాత బాకీ మీద నెలకు 3 శాతం పడుతోందనుకోండి. చక్రవడ్డీతో ఏడాదికి అది 42 శాతం దాటుతుంది. కనీస మొత్తంలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది, అసలు కదలదు. దానికి తోడు కొత్త వాయిదా ప్రతి నెలా ఆ కనీస మొత్తంలో కలుస్తుంది. కొన్న ధర మేరకు కార్డు పరిమితి కూడా ఆగిపోయి, వాయిదాలు కట్టేకొద్దీ కొంచెం కొంచెంగా తిరిగొస్తుంది. అంటే రేపు ఆసుపత్రి ఖర్చు వస్తే మీకున్న ఆ ఒక్క ఆధారమూ తగ్గిపోతుంది. ఇక నో-కాస్ట్ అన్నా, ప్రాసెసింగ్ ఫీజు, పన్నులు, ఒకేసారి కడితే వచ్చే తగ్గింపు పోవడం, ఇవన్నీ ఖర్చులే.

అనుకున్న వాయిదా మొత్తాన్ని ఈ నెల నుంచే కార్డుకు అదనంగా కట్టండి. కొత్త కొనుగోళ్లకు ఆ కార్డు వాడకండి. బాకీ ఉన్నంతకాలం వాటికి వడ్డీ లేని గడువు ఉండదు. బాకీ తీరాక అదే సొమ్మును అత్యవసర నిధిగా వేరే ఖాతాలోకి మళ్లించండి. అద్దె, సరుకులు, బీమా ప్రీమియం, మిగతా వాయిదాలు కలిపి ఒక నెల ఖర్చు జమయ్యాక ఈ-రీడర్‌కు డబ్బు పక్కన పెట్టడం మొదలుపెట్టవచ్చు. ఆరు నెలల ఖర్చు చేరేదాకా అత్యవసరాలకు తప్ప ఆ ఖాతాను మాత్రం ముట్టుకోవద్దు. ఆరోగ్య బీమా లేకపోతే అది ఇంకా ముందు.

నగదుతో కొనే రోజున ఇవి చూడండి. చదవడానికి 212 పిక్సెళ్లు సరిపోతాయి. 167 అయితే తెలుగు ఒత్తులు చిన్న అక్షరాల్లో అలుక్కుపోతాయి, చవకైనా వదిలేయండి. తెర మీద వెలుగు పడేలా ముందు వైపు లైటు తప్పనిసరి. టచ్ లేకపోతే నిఘంటువులో పదం వెతకడం, పేరు టైప్ చేయడం విసుగు పుట్టిస్తాయి, పేజీలు తిప్పడానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. 'స్త్రీ', 'రాష్ట్రం', 'జ్ఞానం' లాంటి మాటలున్న ఈపబ్ (ఈ-పుస్తకాల ఫైలు రకం) ఫైలు ఎక్కించి తెరిచి చూడండి. అక్షరాలు విడిపోతే ఫాంటు మార్చి చూడండి, అప్పుడూ కుదరకపోతే వెనక్కిచ్చేయండి. అందుకే వాపసు గడువు ముందే కనుక్కోవాలి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే మీరు ఎక్కువగా చదివేట్టయితే 6 అంగుళాల తెర మీకు పనికిరాదు. ఒక దుకాణంలో కొన్న ఈ-పుస్తకాలు, కాపీ కాకుండా వేసే డిజిటల్ తాళం ఉంటే, వేరే కంపెనీ పరికరంలో తెరుచుకోవు. ఖర్చు తగ్గుతుందన్న మీ లెక్క, మీకు కావలసిన పుస్తకాలు ఈ పరికరంలో తెరుచుకుంటాయా అన్నదాని మీదే ఆధారపడి ఉంది.

గట్టి కవరు కొనండి. సంచిలో ఒత్తిడికి ఈ-ఇంక్ (కాగితంలా కనిపించే) తెర పగిలితే, చవక మోడల్‌లో మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరకు దగ్గరగా పోతుంది. పరికరానికి బీమా అమ్మబోతే వద్దనండి, ఆ ప్రీమియం అత్యవసర నిధిలో వేయండి.