అగ్గిపుల్ల తెచ్చిన దవడ జబ్బు

ప్రశ్న: మా ఊళ్ళో కాలేజీ పెట్టిన అనీ బిసెంట్, అంతకుముందు లండన్‌లో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడపిల్లల సమ్మెకు అండగా నిలిచారని చదివాను. అక్కడివాళ్ళకు దవడ కుళ్ళిపోయేదట. ఎందుకని? ఇప్పటి అగ్గిపెట్టెలతోనూ ఆ భయం ఉందా?
– ఒక పాఠకురాలు, మదనపల్లె

జవాబు: కారణం తెల్ల భాస్వరం. ఆ రోజుల్లో దాన్ని జిగురుతో కలిపి, వేడి ముద్దలో పుల్లల తలలు ముంచేవారు. ఆ ఆవిరిని ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళలో కొందరికి ముందు పంటినొప్పి వచ్చేది. పన్ను పీకించుకుంటే ఆ గుంట మానేది కాదు. చీము పట్టి, లోపలి దవడ ఎముక చచ్చిపోయేది. దాన్ని కోసి తీసేయడం తప్ప వైద్యం లేదు.

వియన్నాలో డాక్టర్ లోరిన్సర్ 1845లోనే ఈ జబ్బును గుర్తించారు. ఎర్ర భాస్వరంతో సేఫ్టీ అగ్గిపెట్టె 1850ల్లోనే బజారుకొచ్చింది. కానీ తెల్ల భాస్వరం చవక, పైగా ఆ పుల్ల గోడ మీద గీసినా వెలిగేది. ఎక్కడ గీసినా వెలుగుతూ దవడను తినని పుల్లను, భాస్వరం గంధకంతో కలిసిన సెస్క్విసల్ఫైడ్ అనే పదార్థంతో ఫ్రాన్స్‌లో 1898లో తయారుచేశాక కంపెనీలకు ఆ సాకూ పోయింది.

లండన్‌లో బ్రయంట్ అండ్ మే కంపెనీలో 1888లో జరిగిన ఆ సమ్మె ఈ జబ్బు కోసమే అనుకుంటారు. నిజానికి దాన్ని రగిలించినవి ఒక కార్మికురాలి తొలగింపు, జీతంలో కోసే జరిమానాలు. సుమారు 1400 మంది పని మానేశారు. జరిమానాలు పోయాయి, తినడానికి వేరే గది వచ్చింది. ఆ గది చిన్న గెలుపేమీ కాదు. అంతవరకూ భాస్వరం గాలిలోనే కూర్చుని రొట్టె తినేవారు. పదేళ్ళకు అదే కంపెనీ 17 మందికి దవడ జబ్బు వచ్చిన సంగతి దాచి దొరికిపోతే, పడిన జరిమానా 25 పౌండ్లు!

తెల్ల భాస్వరం అగ్గిపెట్టెలను నిషేధించడానికి 1906లో దేశాల మధ్య బెర్న్ ఒప్పందం కుదిరింది. బ్రిటన్‌లో నిషేధం 1910లో అమలైంది, మన దేశంలో 1913లో చట్టం వచ్చింది.

ఇప్పటి సేఫ్టీ అగ్గిపుల్ల తలలో భాస్వరం లేదు, పొటాషియం క్లోరేట్ ఉంటుంది. ఎర్ర భాస్వరం ఉండేది పెట్టె పక్క పట్టీలో. కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

అయితే ఇలాంటి దవడ జబ్బే 2003 నుంచి వేరే దారిలో కనిపిస్తోంది. క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు, ఎముకలు గుల్లబారినప్పుడు ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్, అలెండ్రోనేట్ మందులు పాత ఎముక కరగడాన్ని ఆపుతాయి. దాంతో పన్ను పీకిన చోట దవడ మానక, అరుదుగా చచ్చుబడుతుంది. క్యాన్సర్‌కు పెద్ద డోసు ఇంజెక్షన్లు పడేవాళ్ళకు ఈ ముప్పు ఎక్కువ. మందు మొదలుపెట్టకముందే పుచ్చుపళ్ళ పని పూర్తి చేయించుకోవాలి. ఇప్పటికే వాడుతుంటే సొంతంగా ఆపకండి, పన్ను పీకించుకునే ముందు దంతవైద్యుడికి మందు పేరు చెప్పండి.