పాటకచేరీ మీద కథ రాసిన యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నిరుడు మీ ఊరి కమ్యూనిటీ హాలులో జరిగిన పాటకచేరీని ఆధారం చేసుకొని నువ్వు రాసి పంపిన కథను రెండుసార్లు చదివాను. ఒక పసివాడి గుండె ఆపరేషను కోసం కరెంటు పనివాడు, ఎరువుల కొట్టు గుమాస్తా, బడి పంతులు కలిసి ఆర్కెస్ట్రా కట్టడమన్న ఇతివృత్తం మంచిదే. అయితే మొదటి పాట ఎత్తుకోగానే సభ అంతా కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టింది, ఇక చివరిదాకా తుడుచుకుంటూనే ఉంది. అంతమంది మంచివాళ్ళ మధ్య నాకు ఒక్క మనిషీ గుర్తుండలేదు.

పాటలోని భావాన్ని పేజీలకొద్దీ వర్ణించావు గాని వాయించేవాళ్ళ చేతుల వైపు చూడలేదు. తబలా అతను తోలు పట్టీల కింద ఉండే చెక్క గట్టాలను సుత్తితో కిందికి దించి కీబోర్డుకు శ్రుతి కలుపుకొంటాడు, వానాకాలపు తేమకు చర్మం సడలి ఆ శ్రుతి నాలుగో పాటకే దిగిపోతుంది. సినిమాలో ఉన్న శ్రుతిలోనే పాడతానని పంతం పట్టిన పంతులుగారికి చరణంలో పై షడ్జం అందక గొంతు జీరపోతే, కీబోర్డు వాయించే కుర్రవాడు ఎవరికీ చెప్పకుండా తరువాతి పాటను ఒక మెట్టు దించి మొదలుపెడతాడు. ఆ సంగతి పంతులుగారికి తెలుస్తుంది, తెలియనట్టు పాడతారు. వాళ్ళిద్దరి మధ్య ఉన్నదేమిటో చెప్పడానికి నీకు వేరే సంభాషణ అక్కరలేదు.

కరెంటు పోగానే జనమంతా చీకట్లో గొంతు కలిపే ఘట్టాన్ని మాత్రం తీసెయ్యి. అటువంటిది నేనూ ఒకప్పుడు రాశాను, ఇప్పుడు చదువుకుంటే సిగ్గేస్తుంది.

నీ కథలో అసలు కనిపించనిది డబ్బు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తిన తరువాత రామారావు, నాగేశ్వరరావు వంటి తారలే జోలె పట్టి విరాళాలు అడిగారు. వాళ్ళను చూసి మా ఊరి కుర్రాళ్ళమూ ఒక హార్మోనియం, తబలా, బుల్‌బుల్ తరంగ్ అనే తీగల వాద్యం పోగుచేసి కచేరీ పెట్టాం. హార్మోనియం పెట్టె మోయడం నా వంతు. రెండో చరణం మధ్యలో ఒక మోతుబరి పాట ఆపించి, గాయకుడికి నూటపదహారు రూపాయలు చదివించి, తన పేరు మైకులో రెండుసార్లు చెప్పించుకున్నాడు. గాయకుడు ఆ డబ్బు జేబులో పెట్టుకున్నాడు. రాత్రి లాంతరు ముందు లెక్క చూసేటప్పుడు, అది పాటకు ఇచ్చిన కానుకా, ఉప్పెన బాధితులకు ఇచ్చిన విరాళమా అని తగవు పడింది. అతను పక్క ఊరి నుంచి సొంత ఖర్చుతో వచ్చినవాడు, సాధన కోసం నాలుగు రోజుల కూలి వదులుకున్నవాడు. అలాగని ఆ రాత్రి గేటు దగ్గర అర్ధరూపాయి వేసిన ముసలమ్మ అతని కోసం వేయలేదు. ఎవరిది న్యాయమో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. నువ్వూ తేల్చవలసిన పని లేదు గాని, అటువంటి లెక్కల దగ్గరికి నీ పాత్రలను తీసుకువెళ్ళు. మైకుసెట్టు అద్దె, జనరేటరు డీజిలు, అతిథుల మెడలో వేసిన శాలువాల ఖర్చు పోను మిగిలింది ఎంత? పసివాడి పేరు మీద వసూలైన డబ్బులోంచి శాలువాలు కొన్నారా? కొని ఉంటే ఆ పద్దు చదివేటప్పుడు గుమాస్తా గొంతు ఎలా ఉంది?

ఇక ఆ పసివాడి తండ్రి. అతనికి నువ్వు ఒకే వాక్యం ఇచ్చావు, అందులోనూ ‘కృతజ్ఞతతో చేతులు జోడించాడు’ అన్నావు. ఊరందరి ముందు వేదిక ఎక్కించి, ఫోటో కోసం కవరును ఇంకొంచెం పైకి పట్టుకోమన్నప్పుడు అతని ముఖం ఎటు తిరిగింది? పాటలు వినగలిగాడా, లేక పిలుపు ఎప్పుడు వస్తుందోనని కుర్చీ అంచున కూర్చున్నాడా? మర్నాడు ఆ ఎరువుల కొట్టుకే యూరియా కోసం వెళ్ళవలసివస్తే బేరమాడగలడా? నాకైతే నీ కథ కచేరీ రాత్రి కంటే ఆ మర్నాటి ఉదయమే మొదలవుతుందని తోస్తున్నది.

ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు మైకుసెట్టు అబ్బాయిని కలిసి, ఆ రాత్రి అద్దె పూర్తిగా తీసుకున్నాడో, కొంత తగ్గించుకున్నాడో అడుగు. తగ్గించుకుని ఉంటే అతని పేరు వేదిక మీద చదివారో లేదో కూడా కనుక్కో. ఆ తరువాత తిరగరాసి పంపు, తొందరేమీ లేదు.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి