వారానికి 1,200లో అయిదుగురి తిండి: ముందు బియ్యం లెక్క చూద్దాం

పాలకొల్లు దగ్గర పల్లె నుంచి ఒక చెల్లెమ్మ రాశారు. వాళ్లాయన కొబ్బరికాయలు ఒలిచే కూలికి వెళ్తారు, ఈవిడ రొయ్యల షెడ్డులో పని చేస్తారు, ఇద్దరు పిల్లలు, అత్తగారు. అత్తగారి పింఛను 4,000 ఇంటద్దెకీ మందులకీ సరిపోతుంది. డ్వాక్రా కిస్తీ, వారం ఫైనాన్స్ కట్టాక శనివారం చేతిలో మిగిలేది 1,200. బుధవారానికల్లా అది అయిపోతుంది. కిరాణా కొట్లో బాకీ 4,600 దాకా పెరిగింది. "అన్నయ్యా, ఇంకేం తగ్గించమంటారు? పిల్లల నోటి దగ్గరది తియ్యలేను" అని అడిగారు.

చెల్లెమ్మా, పిల్లల నోటి దగ్గరది తియ్యమని నేనూ చెప్పను. అసలు వాళ్ల పళ్లెంలోకి ఇంకొంచెం రావాలి, మీ ఉత్తరం చదివాక నాకు ముందు పట్టిన టెన్షన్ అదే. మీరు రాసిన పద్దులు కాగితం మీద వరసగా వేసుకున్నాను. సన్నబియ్యం 460, ఆదివారం కోడి 240, పిల్లలకి బండి మీద టిఫిన్ 210, పాలు 120, కూరగాయలు 170. కూడితే సరిగ్గా 1,200 వచ్చింది. అందులో పప్పు లేదు, నూనె లేదు, గుడ్డు లేదు, ఉప్పూ కారం కూడా లేవు. అవన్నీ ఖాతాలో వస్తున్నాయి. రోజూ తప్పనివేమో అరువు మీద, కాస్త అటూ ఇటూ చేసుకోగలిగినవేమో రొక్కం మీద నడుస్తున్నాయి కాబట్టే, షెడ్డులో పని బాగా దొరికిన వారం మీరు బాకీ కొంత కట్టినా, పై వారానికి మళ్లీ అంతే కనిపిస్తోంది.

ఇప్పుడు బియ్యం. మీ రేషన్ కార్డు మీద నలుగురికి 20 కిలోలు వస్తే, సందులోకి వచ్చి ఆ బియ్యం కొనే ఆయనకి కిలో 12 చొప్పున ఇచ్చేస్తున్నామని రాశారు. మీ ఒక్కరి ఇంట్లోనే కాదు, మన డెల్టాలో చాలా ఇళ్లలో ఇదే జరుగుతోంది. వరి పండించే నేల మీద పుట్టినవాళ్లం, అన్నం ముద్ద కడితే మనకి ముద్ద దిగదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా లెక్క చూడండి: నెలకి మీ ఇంటికి 40 కిలోలు కావాలి, అన్నీ 50 చొప్పున కొంటే 2,000. రేషన్ 20 కిలోలూ ఇంట్లోనే వాడుకుంటే కొనాల్సింది 20, అంటే 1,000. అమ్మితే వచ్చే 240 పోయినా నెలకి 760 మిగులుతుంది, వారానికి 175. పైగా రేషన్ బియ్యం అమ్మడం చట్టప్రకారం తప్పు, దొరికితే కార్డుకే ఎసరు.

వండే పద్ధతి మారిస్తే ఆ బియ్యమే వేరేగా ఉంటాయి. రెండుసార్లు కడిగి అరగంట నానబెట్టండి, ఎసట్లో నీళ్లు బాగా ఎక్కువ పొయ్యండి, మెతుకు ఇంకా కాస్త పలుకుగా ఉండగానే గంజి వార్చేసి, మూత పెట్టి సన్న సెగ మీద ఉమ్మగిల్లనివ్వండి. కుక్కర్లో పెడితే ముద్దయ్యేది ఇలా వారిస్తే విడివిడిగా వస్తుంది. గంజి మాత్రం పారబొయ్యొద్దు, బియ్యంలోని బలం కొంత అందులోకే దిగుతుంది. ఉప్పేసి మజ్జిగ కలిపి తాగండి, లేదా చారులో పొయ్యండి. తరవాణి (గంజిలో అన్నం నానేసి పులియబెట్టేది) పెట్టడం మీ అత్తగారికి వచ్చే ఉంటుంది, ఎండాకాలం పొద్దున్నే ఉల్లిపాయతో అది తిని పనికి వెళ్తే మధ్యాహ్నం దాకా ఆకలి తెలియదు. పిల్లలు మరీ మొండికేస్తే మొదటి నెల సన్నబియ్యం సగం, ఇవి సగం కలిపి వండండి.

ఇంకో మాట. ఆ బియ్యంలో రంగు తేడాగా ఉన్న గింజలు కనిపిస్తే ప్లాస్టిక్ అని అత్తగారు ఏరి పారేస్తున్నారన్నారు కదా, ఆపించండి. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలుగా చేసి, వందకి ఒకటి చొప్పున కలిపినవే అవి. రక్తం తక్కువని డాక్టరు చెప్పిన మీకు అవే ముందు కావాలి.

నాలుగేళ్ల చిన్నమ్మాయి పేరు ఇంకా కార్డులో ఎక్కలేదన్నారు. అది ఈ వారమే చూడండి. పుట్టిన తేదీ పత్రం, ఆధార్ పట్టుకుని సచివాలయానికి వెళ్లి దరఖాస్తు పెట్టండి. ఆ పేరు ఎక్కితే నెలకి ఇంకో 5 కిలోలు వస్తాయి, ఆ మేరకు 250 మిగులుతుంది.

టిఫిన్ బండి దగ్గర రోజుకి 30 అంటే చిన్నగానే అనిపిస్తుంది గానీ వారానికి 210. రేషన్ బియ్యం మూడు గ్లాసులకి మినప్పప్పు ఒక గ్లాసు నానబోసి రుబ్బితే అట్లకి పనికొస్తుంది, రెండో రోజుకి పిండి పులిసి ఇంకా బాగుంటుంది. అత్తగారు పొయ్యి దగ్గర నిలబడగలిగితే దిబ్బరొట్టె కాల్చి ఇవ్వమనండి, రెండు ముక్కలు తింటే పిల్లలకి పొట్ట నిండుతుంది. మినప్పప్పుకి వారానికి 70 వేసుకున్నా 140 మిగిలింది.

కోడి మానెయ్యమని నేను చెప్పను. వారమంతా మంచు ముక్కల్లో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచే మనిషి ఆదివారం ఇంట్లో మసాలా వాసన రావాలనుకోవడంలో తప్పేం లేదు. కిలోకి బదులు అరకిలో తెచ్చి గోంగూరతోనో బంగాళదుంపతోనో వండితే అయిదుగురికీ సరిపోతుంది, 120 మిగులుతుంది. వారం మధ్యలో ఒక రోజు వంకాయలో గుప్పెడు ఎండు రొయ్యలో మెత్తళ్లో వెయ్యండి, కొంచెం వేసినా కూరంతా నీచు రుచి వస్తుంది.

బియ్యం మీద 175, టిఫిన్ మీద 140, కోడి మీద 120, మూడూ కలిపితే వారానికి 435. ఇది నేరుగా బాకీకి కట్టేస్తానంటారేమో, వద్దు. కిలో పప్పుకి 130 (కందిపప్పు సగం, పెసరపప్పు సగం, పెసర తొందరగా ఉడుకుతుంది, గ్యాసు కలిసొస్తుంది), డజను గుడ్లకి 75, ముప్పావు లీటరు నూనెకి 110, ఉప్పూ కారం చింతపండుకి 40. మొత్తం 355 అయింది, మిగతా 80 కొట్లో పాత బాకీకి. రేట్లు మీ ఊళ్లో పదో ఇరవయ్యో అటూ ఇటూ ఉంటాయి, దాన్ని బట్టి సర్దుకోండి. చిన్నమ్మాయి పేరు ఎక్కాక ఈ 80 కాస్తా 135 అవుతుంది, అప్పుడు బాకీ ఏడెనిమిది నెలల్లో తీరుతుంది. నెమ్మదే, కానీ కొత్తది పెరగదు. కొట్టాయనకి ఈ మాట ముందే చెప్పండి: ఇక కొత్తగా రాయించను, పాతది వారం వారం ఇస్తాను అని. వడ్డీ లేని బాకీ అది. దాన్ని తీర్చడానికి ఇంకో వారం ఫైనాన్స్ మాత్రం ఎత్తొద్దు.

బుధవారం సమస్యకి మా అమ్మ చేసిన పని చెప్తాను. మాకూ వారం కూలే. సరుకులు తెచ్చిన రాత్రే పప్పూ చింతపండూ రెండు వాటాలు వేసి, రెండో వాటాని పాత హార్లిక్స్ సీసాలో పోసి మూతకి గుడ్డ కట్టి అటక మీద పెట్టేసేది. గురువారం పొద్దున దాకా దాని వంక ఎవరూ చూడకూడదు. మీరూ ఒక డబ్బా అలా పెట్టండి, అందులో నాలుగు గుడ్ల డబ్బులు కూడా వెయ్యండి. గురు, శుక్రవారాలు కొట్టుకి వెళ్లకుండా గడిస్తే ఖాతా పుస్తకం దానంతటదే మూతపడుతుంది.

ఆకుకూరలకి డబ్బు పెట్టకండి. పెరట్లో జానెడు చోటున్నా మునగ కొమ్మ ఒకటి పాతండి, బచ్చలి తీగ దడికి పాకించండి. అరటి గెల కొట్టిన తోటలో దూట (చెట్టు లోపలి లేత కాండం) అడిగితే ఊరికే ఇస్తారు. మీ ఆయన పనిచేసే చోట పగిలిన కొబ్బరి ఇస్తారని రాశారు, దాంతో పచ్చడి చేస్తే ఒక పూట కూర మిగిలినట్టే.

పెద్దబ్బాయికి బళ్లో భోజనం వద్దని క్యారేజీ కట్టి పంపుతున్నారట, నలుగురూ ఏమనుకుంటారో అని. చెల్లెమ్మా, 2024 నుంచి ఆ బడి భోజనానికి ఉన్న పేరు డొక్కా సీతమ్మ గారిది. మన లంకల గన్నవరంలో వేళాపాళా చూడకుండా, ఎవరని అడగకుండా గోదావరి దాటి వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. ఆవిడ విస్తరి ముందు కూర్చున్నవాళ్లని ఎవరూ తక్కువగా చూడలేదు, మీ అబ్బాయినీ చూడరు. బళ్లో గుడ్డు పెడతారు, తిననివ్వండి. చిన్నమ్మాయిని అంగన్‌వాడీకి తప్పకుండా పంపండి. పట్నంలో పని పడిన రోజు మీ ఆయనకి అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకి భోజనం ఉంది, హోటల్లో తినొద్దనండి.

ఇక వారం ఫైనాన్స్. ఎంత తీసుకున్నారో, వారానికి ఎంత, ఇంకా ఎన్ని వారాలో మీరు రాయలేదు. ఆ ఫైనాన్స్ కార్డు ఫొటో తీసి పంపండి. మీ డ్వాక్రా సంఘంలో రూపాయి వడ్డీకి అప్పు దొరుకుతుందేమో ఈ నెల మీటింగులో అడిగి అది కూడా రాయండి, రెండూ పక్కపక్కన పెట్టి చూసి ఏది ముందు తీర్చాలో చెప్తాను.