తేదీలు గుర్తుండటం లేదని డిగ్రీ మాన్పిస్తారా?

ప్రశ్న: మా అమ్మాయి ఒంగోలులో బీఏ సెకండియర్. సివిల్స్ రాస్తానంటోంది. 1900 నుంచి 1919 దాకా ప్రపంచ చరిత్ర ఎన్నిసార్లు చదివినా తేదీలు మర్చిపోతోంది. ఇది మాన్పించి హైదరాబాద్‌లో ఐఏఎస్ ఇంటిగ్రేటెడ్ డిగ్రీలో చేర్చమని బంధువులంటున్నారు. ఏది మేలు?

జవాబు: అమ్మా, మీ దిగులు తేదీల గురించి కాదు, పిల్ల వల్ల అవుతుందా అని. అవుతుంది. ప్రిలిమ్స్ సిలబస్‌లో ప్రపంచ చరిత్ర లేదు. మెయిన్స్ జీఎస్-1 (జనరల్ స్టడీస్ మొదటి పేపర్)లో 20 ప్రశ్నలకు దీన్నుంచి మామూలుగా ఒకటో రెండో వస్తాయి. అడిగేది కారణాలు, ఫలితాలే.

బిట్లుగా చదివితే ఎవరికీ గుర్తుండవు. 1905 చూడండి. మే నెలలో సుషిమా దగ్గర రష్యా నౌకాదళాన్ని జపాన్ తుడిచిపెట్టింది. ఆ ఓటమితో, జనవరి 'బ్లడీ సండే' (నిరాయుధ జనంపై కాల్పులు) నుంచి రగులుతున్న రష్యాలో జార్ చక్రవర్తి పరువు ఇంకా పోయింది. ఇటు, యూరప్ సామ్రాజ్యాన్ని ఓ ఆసియా దేశం ఓడించిందన్న వార్త మనవాళ్లకు ధైర్యమిచ్చింది. అక్టోబరు 16న బెంగాల్ విభజన, స్వదేశీ ఉద్యమం. 1907లో ఆ ఉద్యమ నేత బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి సభలు. ఇలా అల్లితే తేదీలు వాటంతటవే నిలుస్తాయి.

మొదటి ప్రపంచయుద్ధం మొదలైన 1914కి ఓ తెల్లకాగితం అడ్డంగా పెట్టి గీత గీయమనండి. జూన్ 28 సరాయెవోలో ఆస్ట్రియా-హంగరీ యువరాజు హత్య, జులై 23 సెర్బియాకు అల్టిమేటం, 28న ఆస్ట్రియా-హంగరీ యుద్ధప్రకటన, ఆగస్టు 1న రష్యాపై జర్మనీ, 4న జర్మనీపై బ్రిటన్. ఒక్కో తేదీ కింద, ఎవరు ఎవరి అండ చూసుకుని ముందుకెళ్లారో ఒక్క వాక్యం. తర్వాత కాగితం మూసి 150 పదాల్లో జవాబు రాయాలి. హత్య ఒక్కటే కారణమని రాస్తే మార్కులు పోతాయి. తేదీల్లో ఇంకో తికమక: రష్యా పాత క్యాలెండర్ మనదానికి 13 రోజులు వెనక. అందుకే 1917 'అక్టోబరు విప్లవం' నవంబరు 7న వస్తుంది.

ఇక ఇంటిగ్రేటెడ్. నాకు దానిమీద నమ్మకం తక్కువ. పొద్దున డిగ్రీ, సాయంత్రం కోచింగ్ అంటే సొంతంగా రాసి చూసుకునే టైమే ఉండదు. ఆప్షనల్ (మెయిన్స్‌కి ఎంచుకునే సబ్జెక్టు) కూడా పిల్లకు నచ్చింది కాదు, అక్కడ చెప్పే లెక్చరర్ ఉన్నదే అంటగడతారు. పైగా సెకండియర్ మధ్యలో మారితే ఏడాది పోవచ్చు. ఫీజు కట్టేది బంధువులా, మీరా?

ఒక్కటి గట్టిగా చెబుతాను. అన్నం తినేటప్పుడు "ఫలానా యుద్ధం ఎప్పుడు?" అని పిల్లను నిలదీయడం మానండి. అడగాలనిపిస్తే "ఎందుకొచ్చింది?" అనడగండి. బీఏ అక్కడే పూర్తి చేయనివ్వండి. సివిల్స్‌కి కనీస వయసు 21, ఫైనలియర్‌లోనూ అప్లై చేయొచ్చు. కోచింగ్ సంగతి అప్పుడు చూద్దాం.