పదేళ్లు వాడాల్సిన ఎయిర్ రైఫిల్: కొనేముందు ఏం చూడాలి?

ప్రశ్న: నమస్తే సార్. మా అమ్మాయికి పదహారేళ్లు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ విభాగంలో మూడేళ్లుగా క్లబ్బు రైఫిల్‌తోనే సాధన చేస్తోంది. ఇక సొంతది ఉండాలని కోచ్ చెబుతున్నారు. మా ముందు రెండున్నాయి. ఒకటి ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్‌తో కొత్తగా వచ్చిన ఖరీదైన మోడల్. రెండోది దానికంటే పాతది, మెకానికల్ ట్రిగ్గర్, ఒక సీనియర్ షూటర్ ఆరేళ్లు వాడి అమ్ముతున్నారు. మళ్లీ మళ్లీ కొనే స్తోమత మాకు లేదు. ఏది ఎక్కువకాలం ఇబ్బంది పెట్టకుండా పనిచేస్తుంది?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, అసలు ఇబ్బంది పెట్టని రైఫిల్ అంటూ లేదు. ఫైన్‌వెర్క్‌బౌ, వాల్తర్, అన్‌షుట్జ్, స్టెయర్... ఈ స్థాయిలో ఏ కంపెనీది తీసుకున్నా బ్యారెల్, యాక్షన్ (గుండు పెట్టి పేల్చే యంత్రాంగం) వంటి లోహపు భాగాలకు ఏళ్ల తరబడి ఢోకా ఉండదు. అరిగేవి, ఎండిపోయేవి చిన్న చిన్న సామాన్లే: రబ్బరు ఓ-రింగులు (గాలి బయటికి పోకుండా ఆపే చిన్న ఉంగరాలు), సీళ్లు, స్ప్రింగులు. అందుకే మీరు అమ్మేవాళ్లను అడగాల్సినవి మూడు. ఆ చిన్న భాగం పాడైతే ఎక్కడ దొరుకుతుంది? ఎవరు వేస్తారు? రైఫిల్ ఎన్నాళ్లకు తిరిగి చేతికొస్తుంది? నేను చాలాకాలంగా రిపేరు బెంచీ దగ్గర కూర్చునే మనిషిని. పోటీకి వారం ముందు రైఫిల్ ఆగిపోయి, ఒక్క ఓ-రింగ్ కోసం కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లల్ని చూశాను. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

అసలు లోపల జరిగేది ఇదీ. సిలిండర్‌లో గాలి సాధారణంగా 200 బార్ ఒత్తిడితో ఉంటుంది. అంత ఒత్తిడి నేరుగా పెల్లెట్ (చిన్న సీసపు గుండు) మీద పడకుండా రెగ్యులేటర్ దాన్ని తగ్గించి, ప్రతి షాట్‌కూ ఒకే మోతాదులో గాలి అందిస్తుంది. ట్రిగ్గర్ నొక్కితే వాల్వ్ క్షణంపాటు తెరుచుకుంటుంది. ఈ దారి పొడుగునా గాలిని ఆపి ఉంచేది రబ్బరే. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం తీసుకున్న గిరార్డోని గాలి రైఫిల్‌లో ఈ పని తోలు చేసేది. తోలు ఎండితే గాలి నిలిచేది కాదు, ఎప్పుడూ తడిగా ఉంచాల్సి వచ్చేది. ఇప్పుడు తోలు స్థానంలో రబ్బరు వచ్చింది, కానీ సీలే బలహీనమైన చోటు అన్నది మారలేదు.

రబ్బరు వాడకంతో అరుగుతుంది, వాడకపోయినా గట్టిపడుతుంది. కాబట్టి "పెట్టెలోంచి తీయనేలేదు, కొత్తదే" అంటూ ఎవరైనా ఏళ్లనాటి రైఫిల్ చూపిస్తే దాన్ని కొత్తదిగా లెక్కవేయకండి. సీళ్లు మార్చే ఖర్చు కలుపుకుని బేరమాడండి. రోజూ తగుమాత్రం వాడుతూ, వేళకు సర్వీసింగ్ చేయించిన ఆరేళ్ల రైఫిల్ నా దృష్టిలో దానికంటే మంచిది.

మీ అమ్మాయి రోజుకు వంద షాట్ల చొప్పున వారానికి ఐదు రోజులు సాధన చేస్తే ఏడాదికి 26,000 షాట్లవుతాయి. అంత వాడకానికి ఏడాదికోసారి విప్పి చూపించడం అతి జాగ్రత్తేమీ కాదు. బ్యారెల్ గురించి మాత్రం టెన్షన్ పడకండి. మెత్తటి సీసపు పెల్లెట్లు, తక్కువ వేగం, దాంతో బ్యారెల్ అరగడం చాలా నెమ్మది. అప్పుడప్పుడు ఫెల్ట్ (ఒత్తైన ఉన్ని గుడ్డ) పెల్లెట్లతో తుడిస్తే చాలు. మూతి వైపు నుంచి ఇనుప రాడ్డు దూర్చి శుభ్రం చేసేవాళ్లను దగ్గరికి రానివ్వకండి, ఆ చివర గీత పడిందంటే గురి పాడవుతుంది.

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది రెగ్యులేటర్ మీద. అది చెడిపోతూ ఉన్నా రైఫిల్ పేలుతూనే ఉంటుంది, అందుకే చాలామంది గమనించరు. పాప తన పట్టు తప్పిందేమో, ఊపిరి సరిగా ఆపలేదేమో అనుకుని తనను తాను తిట్టుకుంటుంది. లెక్క చూడండి. ఈ రైఫిళ్లలో పెల్లెట్ వేగం సెకనుకు 170 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అది 165కి పడిపోతే 10 మీటర్ల దూరంలో పెల్లెట్ సుమారు 1 మిల్లీమీటరు కిందికి దిగుతుంది. టార్గెట్ మీద వలయానికీ వలయానికీ దూరం 2.5 మిల్లీమీటర్లు, అంటే దశాంశ స్కోరులో 0.4 పాయింటు పోయినట్టే. ఫైనల్స్‌లో పతకాలు అంతకంటే తక్కువ తేడాతో చేతులు మారతాయి.

కాబట్టి ఆ సెకండ్ హ్యాండ్ రైఫిల్‌ను చూడ్డానికి వెళ్లేటప్పుడు క్రోనోగ్రాఫ్, అంటే పెల్లెట్ వేగం కొలిచే మీటర్, వెంట తీసుకెళ్లండి. మీ క్లబ్బులో లేకపోతే ఎవరినైనా అరువడగండి. ఇరవై షాట్లు కాల్పించి వేగాలు రాసుకోండి. అన్నిటికంటే ఎక్కువకూ తక్కువకూ మధ్య రెండు మూడు మీటర్లకు మించి తేడా ఉంటే నేనైతే ఒప్పుకోను. తర్వాత రైఫిల్‌ను పావుగంట పక్కన పెట్టించి మళ్లీ ఒక షాట్ కాల్చమనండి. ఆ మొదటి షాట్ మాత్రమే మిగతావాటికంటే బాగా వేగంగా వెళ్లిందంటే, రెగ్యులేటర్ సీల్ దగ్గర గాలి మెల్లగా కారుతోందని అనుమానించాలి. కొనకూడదని కాదు, ముందు బాగుచేయించి ఇవ్వమని అడగండి. వీలైతే సిలిండర్ నింపి, చల్లబడ్డాక గేజ్ చూసి, రైఫిల్‌కు బిగించి రాత్రంతా వదిలేసి, తెల్లారి మళ్లీ చూడండి. నింపగానే సిలిండర్ వేడిగా ఉంటుంది కనుక అప్పటి అంకెను నమ్మకండి. రాత్రి చూసింది, పొద్దున చూసింది ఒకే గది వేడిలో అయ్యుండాలి.

ఇంకొక్కటి, దీన్ని మర్చిపోతే డబ్బు వృథా. సిలిండర్ మీద తేదీ చెక్కి ఉంటుంది. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్ఎస్ఎఫ్) నిబంధనల ప్రకారం పోటీకి తెచ్చే సిలిండర్ గడువులోపలే ఉండాలి, ఆ గడువు గరిష్ఠంగా పదేళ్లు. అది చూసుకునే బాధ్యత షూటర్‌దే. ఆరేళ్లు వాడిన రైఫిల్ అంటున్నారు కదా, సిలిండర్‌కు మిగిలింది నాలుగేళ్లో, అంతకన్నా తక్కువో. కొత్త సిలిండర్ ధర ఇప్పుడే తెలుసుకుని బేరంలో ఆ మాట ఎత్తండి.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ మీద నా అభిప్రాయం సూటిగా చెబుతాను. దాని స్పర్శ చాలా బాగుంటుంది, వేల షాట్ల తర్వాతా మారదు. చెడిపోయినప్పుడే చిక్కు. మెకానికల్ ట్రిగ్గర్‌ను చేయి తిరిగిన మెకానిక్ విప్పి, దుమ్ము తుడిచి, స్ప్రింగ్ మార్చి సాయంత్రానికి ఇచ్చేస్తాడు. సర్క్యూట్ బోర్డు పోతే బోర్డే మార్చాలి, అది కంపెనీ పంపాలి. పదేళ్ల తర్వాత కూడా ఆ బోర్డు తయారవుతుందని రాతపూర్వకంగా ఎవరూ ఇవ్వరు. కంపెనీ సర్వీస్ మీకు దగ్గర్లో ఉంటే తప్పకుండా ఆలోచించండి. లేకపోతే మీ పరిస్థితికి మెకానికల్‌దే నా ఓటు. పదహారేళ్ల పిల్ల ఇంకా ఎదగొచ్చు కూడా. బట్‌ప్లేట్ (భుజానికి ఆనే భాగం), చెంప ఆనించే చెక్క ఎంత మేరకు జరుగుతాయో పాపను నిలబెట్టి చూసుకోండి.

కొన్నాక గాలి విషయం. చేతి పంపుతో నింపితే తేమ లోపలికి పోయే అవకాశం ఎక్కువ, తేమ రెగ్యులేటర్‌కు శత్రువు. పొడిగాలి నింపిన పెద్ద ట్యాంకు నుంచి నింపుకోవడం మేలు. పంపే వాడాల్సి వస్తే తేమ పట్టే ఫిల్టర్ తప్పనిసరి. ఓ-రింగులకు సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. మామూలు మెషీన్ ఆయిల్ మాత్రం ఆ దరిదాపుల్లోకి తేకండి. అధిక ఒత్తిడి గాలిలో పెట్రోలియం నూనె అంటుకుని పేలే ప్రమాదం ఉంది, ఇందులో సర్దుబాటు లేదు.

పరీక్షల్లో నెగ్గి, సీళ్ల కిట్ ఇప్పటికీ దొరుకుతుందని తేలితే ఆ సెకండ్ హ్యాండ్ రైఫిలే తీసుకోండి. మిగిలిన డబ్బులో కొంత సిలిండర్‌కూ సర్వీసింగ్‌కూ పక్కన పెట్టి, మిగతాది పెల్లెట్లకు వాడండి. పాప ఎదుగుదలకు పనికొచ్చేది ఆ పెల్లెట్లే. రెండు సీళ్ల కిట్లు కొనిపెట్టుకోండి. ఒకటి రైఫిల్ పెట్టెలోనే ఉండాలి.

ప్రశ్న: పరీక్షల వల్ల మూడు నెలలు రైఫిల్ ముట్టుకోను. సిలిండర్ పూర్తిగా ఖాళీ చేసి పెట్టాలా?
– ఒక ఇంటర్ విద్యార్థి

జవాబు: వద్దు బాబూ. సిలిండర్‌ను రైఫిల్ నుంచి విప్పి, అందులో కొంత గాలి ఉంచే భద్రపరచు. పూర్తిగా ఖాళీ అయితే తేమ, దుమ్ము లోపలికి చేరతాయి. విప్పాక యాక్షన్‌లో మిగిలిన గాలి పోయేదాకా, ఛాంబర్‌లో పెల్లెట్ లేదని కళ్లతో చూసి, సురక్షితమైన వైపు తిప్పి ట్రిగ్గర్ నొక్కు. తర్వాత ఛాంబర్ ఖాళీ అని చూపే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి, తడిలేని చోట పెట్టె మూసేయి. తిరిగి తీసిన రోజు మొదటి పదిపదిహేను షాట్లను స్కోరుకు లెక్కపెట్టకు.